కాలనీ పార్కులో సైనికుల స్మృతివనం: ఒక చెట్టుకు ఒక పేరు పెట్టవచ్చా?

ప్రశ్న: కాలనీ కార్యదర్శి, యాప్రాల్

అందరికీ నమస్కారం. మాది యాప్రాల్ వైపు ఉన్న ఒక పాత కాలనీ. సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కనే ఉండడం వల్ల, సైన్యంలో పదవీ విరమణ చేసినవారు ఒకరిని చూసి ఒకరు స్థలాలు కొనుక్కుని ఇళ్లు కట్టుకోగా ఏర్పడిన కాలనీ కనుక, మాలో సగం ఇళ్లకు ఫౌజుతో ఏదో ఒక చుట్టరికం ఉంది. ఈ కుటుంబాల నుంచి సైన్యంలో చేరి తిరిగి రానివారు ఐదుగురు. ఒకరు 1971 యుద్ధంలో మరణించారు. ఆయన కుటుంబం ఆ తరువాత ఇక్కడికి వచ్చి స్థిరపడింది. ఇద్దరు జమ్మూ కాశ్మీరులో ఉగ్రవాదులతో జరిగిన ఎదురుకాల్పుల్లోను, ఒకరు సియాచిన్‌లో మంచు చరియ విరిగిపడినప్పుడు మరణించారు. ఐదవ అబ్బాయి ఈశాన్య సరిహద్దులో విధుల్లో ఉండగా, అతడు ప్రయాణిస్తున్న సైనిక వాహనం లోయలో పడి చనిపోయాడు.

వీరి జ్ఞాపకంగా కాలనీ పార్కులో చెట్లు నాటాలని సంక్షేమ సంఘం అనుకుంటోంది. పార్కు విస్తీర్ణం 1,200 గజాలు. ఉత్తరపు గోడ వెంట పదకొండు కేవీ విద్యుత్ లైను పోతుంది. ఆగ్నేయ మూలన బోరు, దాని పక్కన సంపు ఉన్నాయి. మధ్యలో పిల్లల ఉయ్యాలలు. మొదట అనుకున్నది చాలా సులువైన పద్ధతి: ఐదుగురికి ఐదు రావి మొక్కలు, ఒక్కో మొక్క ముందు ఒక్కో నల్లరాతి పలక, జూలై 26న కార్గిల్ విజయ దినోత్సవం నాడు ఐదు కుటుంబాల చేత నాటించడం. దాత కూడా దొరికారు. పలకల నమూనా సమావేశంలో చూపించగా అందరికీ నచ్చింది. అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "చెట్టు ఎండిపోతే ఆ పలకను ఏం చేస్తారు నాయనా?" అని అడిగారు. దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది. సమావేశం అక్కడితో వాయిదా పడింది.

కనుక అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క చెట్టు పెట్టడం మంచిదా, లేక అందరి పేరున ఒకే తోట చాలునా? హైదరాబాద్ నేలకు, మా పార్కు పరిస్థితికి ఏ చెట్లు తగినవి? ఇంకొక చిక్కు కూడా ఉంది: ఐదవ అబ్బాయి యుద్ధంలో మరణించలేదు కాబట్టి మిగిలిన నలుగురితో కలిపి రాయడం సరికాదని ఒకరిద్దరు సభ్యులు అంటున్నారు. అతని తల్లిదండ్రులు మా వీధిలోనే ఉంటారు. ఆ మాట వారి చెవిన పడకముందే దీన్ని తేల్చుకోవాలని నా ఆరాటం.


జవాబు: విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి

కార్యదర్శి గారికి నమస్కారం. మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చెట్ల సంగతి ఆలస్యమైనా పరవాలేదు గాని అది ఆలస్యం కాకూడదు. పోరులో మరణించినవారిని, విధి నిర్వహణలో ఇతర కారణాల వల్ల మరణించినవారిని సైన్యం వేర్వేరుగా నమోదు చేసే మాట వాస్తవమే. అయితే ఆ విభజన పింఛను, పరిహారం లెక్కల కోసం ఏర్పడినది. దాన్ని తెచ్చి కాలనీ పార్కులో గిరి గీయవలసిన అవసరం ఏముంది? ఆ కొండదారుల్లో రాత్రిపూట వాహనం ఎక్కడం ఎలా ఉంటుందో ఎక్కినవారికి తెలుసు. మీ తీర్మానంలో "సైనిక సేవలో ఉండగా మరణించిన మన కాలనీ బిడ్డలు" అని ఒక్క వాక్యం రాసుకోండి. ఐదుగురూ అందులోకి వస్తారు, ఎవరి ముందూ ఎవరూ తక్కువ కారు.

రెండవది, పేరు పెట్టే విషయంలో జాగ్రత్త. "అమరవీరుల వనం" అని బోర్డు రాయిస్తే మన ఊరిలో చూసేవారికి ముందుగా గుర్తుకు వచ్చేది గన్‌పార్కు స్తూపం, హుస్సేన్‌సాగర్ ఒడ్డున కట్టిన తెలంగాణ అమరుల స్మారకం. ఆ మాటకు ఇక్కడ తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారు అనే అర్థం స్థిరపడిపోయింది, అది గౌరవించవలసిన అర్థం. మీరు "సైనిక స్మృతివనం" అని స్పష్టంగా రాయించండి. పరేడ్ గ్రౌండ్స్ వద్ద ఉన్నదాన్ని కూడా వీరుల సైనిక స్మారకం అనే అంటారు.

మూడవది, పలక మీద రాసే అక్షరాలు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గాని తప్పు జరిగేది ఇక్కడే. సైనిక రికార్డులో పేరు ఒక తీరుగా, ఇంట్లో ఇంటిపేరుతో కలిపి మరొక తీరుగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకొక తీరుగా ఉంటుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసేటప్పుడు ఒత్తులు, దీర్ఘాలు ఎగిరిపోతాయి. సర్వీసు నంబరు, హోదా, రెజిమెంటు, మరణించిన తేదీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సరిచూసుకోండి. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లోవారి చేత కాగితం మీద రాయించుకుని, చెక్కేవానికి ఆ కాగితాన్నే ఇవ్వండి. హోదాను బట్టి పేర్లను పైకీ కిందికీ పేర్చవద్దు. మరణించిన తేదీల వరుస పెడితే ఏ వివాదమూ ఉండదు.

ఇక ఒక్కొక్కరికి ఒక చెట్టా అన్నదానికి నా అభిప్రాయం ఔననే. ఇంటివారికి వచ్చి నిలబడడానికి ఒక చోటు కావాలి. గుంపులో పేరు చదువుకోవడం వేరు, తన బిడ్డదని చెట్టు మీద చెయ్యి వేయడం వేరు.


జవాబు: ఉద్యాన శాఖలో పనిచేసినవాడిని, రాజేంద్రనగర్

నేను పేర్ల గురించి మాట్లాడను, వేర్ల గురించి మాట్లాడతాను. ముందుగా ఆ ఐదు రావి మొక్కల ఆలోచన మానుకోండి. రావి గొప్ప చెట్టే, కానీ 1,200 గజాల పార్కులో ఐదు రావి చెట్లంటే ఇరవై ఏళ్లకు పార్కు ఉండదు, రావి చెట్లే ఉంటాయి. సంపు గోడకు ఎక్కడ సన్నని చీలిక ఉన్నా రావి వేరు దాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఉత్తరపు గోడ వెంట నాటితే ప్రతి ఏటా వానాకాలానికి ముందు విద్యుత్ సిబ్బంది వచ్చి, తీగలకు తగిలిన వైపంతా నరికి, చెట్టును సగం గొరిగిన తలలా వదిలి వెళతారు. వారిని తప్పుపట్టలేము. అది సైనికుని పేరున ఉన్న చెట్టు అయితే చూసేవారికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

లెక్క ఇలా వేసుకోండి. 1,200 గజాలంటే సుమారు 1,000 చదరపు మీటర్లు. మధ్యరకం చెట్టుకు అటూ ఇటూ 8 మీటర్ల ఎడం కావాలంటే, ఉయ్యాలలు, నడకదారి, సంపు, తీగల కింద వదలవలసిన పట్టీ పోగా మీకు మిగిలేది ఏడెనిమిది చెట్లకు చోటు. అంతకంటే ఎక్కువ నాటమని ఎవరు చెప్పినా వినవద్దు.

ఏ చెట్లు అన్నదానికి మన దక్కను నేలకు అలవాటుపడినవే చెబుతాను. జమ్మి మన రాష్ట్ర వృక్షం. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్లేముందు ఆయుధాలు దాచింది దాని మీదనే కాబట్టి సైనికుల స్మృతికి ఇంతకంటే తగిన చెట్టు మనకు లేదని నా నమ్మకం. దాని తల్లివేరు చాలా లోతుకు దిగుతుంది, ఎండకు జంకదు. అయితే ముళ్లు ఉంటాయి, పెరుగుదల నిదానం. నాటినవారు ఓపిక పట్టాలి. లేతప్పుడు సర్కారు తుమ్మకూ జమ్మికీ పోలిక ఉంటుంది, అందుచేత తెలిసినవారి చేత చూపించుకుని తెచ్చుకోండి. స్మృతివనంలో సర్కారు తుమ్మ పెంచామని పదేళ్లకు తెలియడం బాగుండదు. ఇంకొక సంగతి: దసరా సాయంత్రం బంగారమని పంచుకునే జమ్మి ఆకు కోసం వచ్చేవారు చిన్న జమ్మిని వదలరు. చీకటిపడేసరికి రెమ్మ మిగలదు. మొదటి నాలుగైదు దసరాలకు ఒక మనిషిని కాపలా పెట్టండి, లేదా బయటి నుంచి రెండు పెద్ద కొమ్మలు తెప్పించి గేటు దగ్గర పెట్టి, అక్కడే తీసుకోమని చెప్పండి.

పొగడ నీడకూ పూలకూ మంచిది, ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది, కొమ్మ గట్టిది. రేల ఎండాకాలంలో పసుపు గుత్తులతో కళ్లకు పండుగ. కానుగ త్వరగా నీడనిస్తుంది. తెల్ల మద్ది మంచి చెట్టే గాని వాగుల ఒడ్డున పుట్టినది. మీ బోరు నీళ్లు పారే మూల ఉంటే అక్కడ ఒకటి నాటండి, ఎండు నేలలో వద్దు. వేపను ఒకటి రెండుకు మించి పెట్టవద్దు. 2021లో రాష్ట్రమంతటా వేపచెట్ల కొమ్మలు చివరల నుంచి మాడిపోతూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒకవైపు శిలీంధ్రం, ఇంకొకవైపు టీ దోమ అనే పురుగు కలిసి చేసిన పని అది. పెద్ద చెట్లు చాలావరకు తేరుకుని మళ్లీ చిగిర్చాయి, చిన్నవి కొన్ని పోయాయి. ఒకే జాతి చెట్లు వరుసగా నాటితే తెగులు వచ్చినప్పుడు వరుస మొత్తానికి వస్తుంది. తురాయి అందంగా ఉంటుంది గాని ఏప్రిల్, మే నెలల గాలివానకు మన నగరంలో ముందుగా విరిగి కార్ల మీద పడేది అదే. కోనోకార్పస్ మాట ఎత్తవద్దు. దాన్ని నాటవద్దని 2022లో రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది.

ఇప్పుడు అసలు పని. మన నగరం రాతి మీద ఉంది. పైన రెండడుగుల మట్టి, దాని కింద మొరం, దాని కింద ఎక్కడ బండ తగులుతుందో తవ్వితే గాని తెలియదు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు మే నెలలోనే తవ్వించండి. గునపం ఖంగుమన్న చోట పనివారు ఆగిపోయి "చాలు సార్" అంటారు, చాలదు. ప్రతి గుంత నిండా సాయంత్రం నీళ్లు పోసి, మరునాడు ఉదయం వచ్చి చూడండి. నీరు ఇంకితే ఆ చోటు పనికి వస్తుంది. నిలిచి ఉంటే కింద పలక బండ ఉన్నట్టు. అక్కడ ఏ మొక్క పెట్టినా మొదటి పెద్ద వానకు వేరు కుళ్లుతుంది. మొక్క మంచిది కాదని మళ్లీ మళ్లీ మార్చి నాటుతూ పోయేవారిని నా ఉద్యోగకాలంలో ఎంతోమందిని చూశాను. లోపం మొక్కది కాదు, గుంతది.

మొక్క ఆరేడు అడుగుల ఎత్తున్నది చాలు. పన్నెండు అడుగుల మొక్క ఫొటోకు బాగుంటుంది గాని, నిలదొక్కుకోవడానికి దానికే ఎక్కువ కాలం పడుతుంది. సంచి చించిన తరువాత అడుగున చుట్టలు చుట్టుకున్న వేర్లను కత్తిరించి పెట్టండి, లేకపోతే ఐదారేళ్లకు అవే చెట్టు గొంతు బిగిస్తాయి. మొదటి మూడు వేసవులు వారానికి రెండుసార్లు పాదు నిండా నీళ్లు, పాదులో ఎండుటాకులు. ఇనుప ట్రీ గార్డు పెట్టినవారు తీయడం మరచిపోతారు. కాండం లావెక్కి చువ్వలను మింగిన చెట్లు మన రోడ్ల పక్కన ఎన్ని లేవు? మొదలు చుట్టూ టైల్స్ పరచవద్దు. పేరు పలకను మేకుతో చెట్టుకు కొట్టవద్దు. ఇది చెప్పనవసరం లేదనుకుంటాను గాని, చెప్పవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.


జవాబు: కాప్రా నుంచి ఒక యువ సభ్యుడు

ప్రతి పలక మీద ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, దాన్ని స్కాన్ చేస్తే ఆ సైనికుని జీవిత విశేషాలు, ఫొటోలు వచ్చేలా చేయవచ్చు కదా? మా స్నేహితులు ఉచితంగా చేసి ఇస్తారు.


జవాబు: సైనికుని అక్క, అల్వాల్

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా తమ్ముడు సైన్యంలో ఉండగా మరణించాడు. ఆ తరువాత మేము అప్పట్లో ఉన్న ఊరిలో, ఒక సంఘం వారు ఎంతో అభిమానంతో ఆరుగురు సైనికుల పేర్ల మీద ఆరు వేప మొక్కలు నాటి, ఒక్కొక్కదాని ముందు పేరు, తేదీ చెక్కిన పలక పెట్టారు. బ్యాండు వాయించారు, పెద్దలు వచ్చారు, మా అమ్మకు శాలువా కప్పారు. వారి మనసులో ఏ కల్మషమూ లేదు, అది నేను ముందే చెప్పాలి.

మా అమ్మకు ఆ చెట్టు దినచర్యలో భాగమైంది. నాలుగో ఏట అది మొదటిసారి పూత పూస్తే, ఆ ఉగాది పచ్చడికి పువ్వు అక్కడి నుంచే తెచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ అంతే. తరువాత తెగులు వచ్చిన ఏడాది అమ్మకు ఆరోగ్యం బాగుండక నా దగ్గర అల్వాల్‌లో కొన్ని నెలలు ఉంది. తిరిగి వెళ్లి ఉగాదికి ముందు రోజు గిన్నె పట్టుకుని అక్కడికి వెళితే, పలక అలాగే ఉంది, దాని మీద ఏడేళ్ల నాటి తేదీ అలాగే ఉంది, వెనుక మాత్రం మోకాలెత్తు మొక్క ఉంది. చెట్టు మాడిపోతే కొట్టేసి కొత్తది పెట్టారు. బాధపడుతుందని ఎవరూ చెప్పలేదట. "చెబితే ఆ కట్టె పుల్ల ఒకటి తెచ్చుకునేదాన్ని కదా" అని మాత్రం అమ్మ అన్నది. ఆ తరువాత ఆ వైపు వెళ్లలేదు.

సుబేదార్ గారు చెప్పినది, చెట్టు మీద చెయ్యి వేయడం గురించి, అక్షరాలా నిజం. అందుకే నాకు భయం. చెయ్యి వేయడానికి ఒక చెట్టు ఇచ్చినవారు దాన్ని బతికించే బాధ్యత కూడా తీసుకోవాలి, అది చనిపోతే వచ్చి ఆ మాట చెప్పే బాధ్యత కూడా తీసుకోవాలి. ఇచ్చిన తరువాత వెనక్కు తీసుకోలేని వస్తువు అది. మీ సంఘం కార్యవర్గం రెండేళ్లకు ఒకసారి మారుతుంది కదా, ఈ మాట తరువాతి కార్యదర్శికి ఎవరు అప్పగిస్తారు? దానికి సమాధానం లేకపోతే పేర్లన్నీ ఒకే రాతి మీద చెక్కించి, చెట్లను పేర్లు లేకుండా పెంచండి. అప్పుడు ఒక చెట్టు పోయినా ఎవరి బిడ్డా రెండోసారి పోడు.

క్యూఆర్ కోడ్ గురించి అడిగిన తమ్ముడికి: ఆలోచన మంచిదే. కానీ ఆ పలక దగ్గరకు ఎక్కువగా వచ్చేది మా అమ్మ లాంటివారు, వారికి ఫోనులో చూడవలసినది ఏమీ ఉండదు. వివరాలను కాలనీ గ్రంథాలయంలోనో, సంఘం కార్యాలయంలోనో ఒక పుస్తకంగా పెట్టండి, బడి పిల్లలు వచ్చి చదువుతారు.


జవాబు: చెట్ల కేసులు చూసే న్యాయవాది, హిమాయత్‌నగర్

అమ్మా, మీరు రాసినది చదివిన తరువాత చట్టం గురించి మాట్లాడడం కొంచెం ఎబ్బెట్టుగా ఉంది, కానీ మీరు వేసిన ప్రశ్నకు సంబంధించినదే నేనూ చెప్పబోతున్నాను.

పేరుకూ చెట్టుకూ ఉన్న ముడిని వేర్వేరు దేశాలవారు వేర్వేరుగా వేశారు. ఆస్ట్రేలియాలోని బల్లారట్ అనే పట్టణంలో 1917 నుంచి 1919 వరకు, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవారి పేరున ఒక బట్టల కర్మాగారంలో పనిచేసే స్త్రీలు పూనుకుని 22 కిలోమీటర్ల రోడ్డు పొడవునా 3,700కు పైగా చెట్లు నాటించారు. మరణించినవారికే కాదు, ఆ ప్రాంతం నుంచి సైన్యంలో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక చెట్టు. అదే దేశంలోని పెర్త్ నగరంలో కింగ్స్ పార్కులో ఇలాంటి వరుసలే ఉన్నాయి. అక్కడ 1919లో ముందు ఇంగ్లండు మీది మమకారంతో ఓక్ చెట్లు నాటారు, అవి ఆ ఇసుక నేలకు పెరగక పోతే ఆ దేశపు యూకలిప్టస్‌లు పెట్టారు. అక్కడ పేరు పలక శాశ్వతం, చెట్టు మారుతూ ఉంటుంది; ఒక చెట్టు పోతే దాని స్థానంలో మరొకటి వస్తుందని అందరికీ తెలిసే జరుగుతుంది. మీ ఊరిలో జరిగినదానికీ దీనికీ తేడా ఆ తెలియడంలోనే ఉంది.

మన ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో మరో పద్ధతి పాటించారు. పాతిక వేలకు పైగా పేర్లు త్యాగ చక్రంలోని గ్రానైటు పలకల మీద ఉన్నాయి. అన్నిటికంటే బయటి వలయమైన రక్షక చక్రం ఆరు వందలకు పైగా చెట్లతో ఏర్పడింది, ఆ చెట్లకు పేర్లు లేవు. సైనికులు వరుసగా నిలబడి కాపలా కాస్తున్నట్టు ఆ వరుసలు ఉంటాయి. రాతి పని రాయి చేస్తుంది, చెట్టు పని చెట్టు చేస్తుంది. చిన్న కాలనీకి ఇదే తగిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఎక్కడ నాటాలన్నది అంతకంటే ముఖ్యం. పార్కు చాలడం లేదని రోడ్డు పక్కనో, డివైడరు మీదనో నాటే ఆలోచన ఎవరైనా తెస్తే ఒప్పుకోవద్దు. చేవెళ్ల రోడ్డు మర్రి చెట్ల సంగతి చూశారు కదా. దాదాపు 900 మర్రి చెట్లు, మన తాతల కాలం నాటివి. బీజాపూర్ రహదారి వెడల్పు చేస్తామనగానే వాటిని కాపాడుకోవడానికి పౌరులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. అంతటి మర్రులకే ఆ గతి పట్టినప్పుడు మీ మొక్క ఎంత? మీ పార్కు లేఔట్ ప్లానులో పార్కుగానే చూపించి ఉందో లేదో, కార్పొరేషన్‌కు అప్పగించారో లేదో ముందు కాగితాలు తీసి చూసుకోండి. అప్పగించి ఉంటే నాటడానికీ రాయి నిలపడానికీ రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం రేపు ఎండిన చెట్టును తీయాలన్నా అనుమతి కావాలి. కాబట్టి నాటిన రోజునే ఫొటోలతో ఒక రిజిస్టరు తెరవండి. ఏ చెట్టు, ఎప్పుడు నాటారు, ఎప్పుడు పోయింది, ఎవరికి తెలియజేశారు, బదులు ఏది పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. కార్యవర్గం మారినప్పుడు బ్యాంకు పాసుపుస్తకంతో పాటు ఆ రిజిస్టరు కూడా సంతకం పెట్టి అప్పగించాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించండి. అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానం ఇదే.

ఇంకొక్క మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ప్రతి ఏటా ఆ తేదీన అక్కడ చేరి వరదలో పోయినవారిని తలచుకునేవారు ఉన్నారు కాబట్టి అది ఏ చెట్టో నగరానికి గుర్తుంది. మీరు కూడా ప్రారంభోత్సవానికి పెట్టే ఖర్చులో సగం తగ్గించి, ప్రతి ఏటా జూలై 26న కాలనీవారు పార్కులో కలిసే ఏర్పాటుకు పెట్టండి. తెగులు పట్టినదేదో, నీరు అందనిదేదో ఆ రోజున అందరి కంటా పడుతుంది.


జవాబు: విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి

అల్వాల్ నుంచి రాసిన అమ్మాయికి: నీ తమ్ముడికి నా సెల్యూట్. నా మొదటి మాటను వెనక్కు తీసుకుంటున్నాను. పలక పెట్టి చెట్టును మరచిపోవడం కంటే పేరు పెట్టకపోవడమే గౌరవం.

కార్యదర్శి గారికి ఒక సూచన. ఐదు పేర్లకు ఐదు చెట్లు నాటితే, మీరు పేరు రాయకపోయినా "ఇది ఫలానావారిది" అని జనం లెక్క కట్టేస్తారు. ఆరో ఏడో నాటండి. మరొకటి, ఉద్యాన శాఖ వారు చెప్పిన జమ్మి నాకు ఎంతో నచ్చింది, కానీ ఆ చెట్టు చుట్టూ మన పూజ ఉంది. ఐదు కుటుంబాల్లో వేరే మతం వారు ఉంటే ముందుగా ఇంటికి వెళ్లి అడగండి. యూనిట్లలో సర్వధర్మ స్థల్ అని ఒకే కప్పు కింద అందరి ప్రార్థనలూ జరిగేవి. అక్కడ పెరిగినవాళ్లకు అభ్యంతరం ఉండకపోవచ్చు. అయినా అడగడం మన ధర్మం.


జవాబు: కాలనీ కార్యదర్శి, యాప్రాల్

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇక్కడి జవాబులన్నీ అచ్చు తీయించి సమావేశంలో చదివి వినిపించాను. అల్వాల్ అక్కయ్య గారు రాసినది చదువుతుండగా, ఆ రోజు ప్రశ్న వేసిన పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆమె 1971లో మరణించినవారి భార్య. అది మాలో కొత్తగా వచ్చినవారికి అప్పటిదాకా తెలియదు.

ఐదు పేర్లూ ఒకే రాతి మీద, మరణించిన తేదీల వరుసలో చెక్కించాలని తీర్మానమైంది. ఐదవ అబ్బాయి పేరు మీద అభ్యంతరం చెప్పినవారే సుబేదార్ గారు సూచించిన ఆ వాక్యాన్ని ప్రతిపాదించారు. వివరం ఇంతకంటే రాయను. ఏడు చెట్లు: రెండు జమ్మి, రెండు పొగడ, ఒక రేల, ఒక కానుగ, బోరు నీరు పారే చోట ఒక తెల్ల మద్ది. ఉత్తరపు గోడ వెంట తీగల కింద ఏ చెట్టూ లేదు, నందివర్ధనం పొదలు మాత్రమే. ఐదు కుటుంబాల్లో ఒకటి క్రైస్తవ కుటుంబం. జమ్మి గురించి అడగడానికి వెళితే ఆ తండ్రి గారు, తాను నిజామాబాద్ జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషినని, చిన్నప్పుడు దసరాకు ఊరందరితో పాటు జమ్మి పంచినవాడినేనని చెప్పి, గుంతలు తవ్వే రోజు తనకు కబురు పెట్టమన్నారు.

మొన్న ఎనిమిది గుంతలు తవ్వించాము, ఎందుకైనా మంచిదని ఒకటి ఎక్కువ. సాయంత్రం ట్యాంకర్ తెప్పించి అన్నిటినీ నీళ్లతో నింపాము. ఉదయం ఆరు గంటలకు నేను వెళ్లేసరికి ఆ తండ్రి గారు అప్పటికే వచ్చి ఒక్కొక్క గుంతలోకి తొంగి చూస్తున్నారు. ఏడింటిలో అడుగున బురద మాత్రమే మిగిలింది. గేటుకు ఎదురుగా ఉన్న ఎనిమిదవ గుంతలో మాత్రం నీరు పోసినంతా నిలిచి, అందులో ఆకాశం కనబడుతోంది. మాలి గునపం దించి చూస్తే రెండున్నర అడుగుల కింద పలక బండ ఖంగుమన్నది. అక్కడ చెట్టు బతకదు. పేర్ల రాయిని ఆ బండ మీదే నిలబెడుతున్నాము.